ఏ ఫొటో ఎవరిది?



మన ఇళ్లలో పేరుకుపోయిన ఫొటోల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈరోజు మీ ముందుకు వచ్చాను. గోడకు వేలాడే పటాల సంగతి కాదు. ఫోన్లలో, పాత ల్యాప్‌టాప్‌లో, బీరువాలో బట్టల కింద పెట్టిన హార్డ్ డిస్క్‌లో, పెళ్లయ్యాక వీడియోగ్రాఫర్ చేతిలో పెట్టిన పెన్ డ్రైవ్‌లో ఉన్నవాటి సంగతి. ఫోన్ నిండిపోయిందని ఎవరైనా నా దగ్గరికి వస్తే, ఏవి తీసేయమంటారు అనే అడుగుతారు. ఏవి ఎక్కడ ఉండాలి అని అడిగేవాళ్లు అరుదు. నా దృష్టిలో ముందు తేలాల్సింది ఆ రెండో ప్రశ్నే. అది తేలితే మొదటిది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

వేల ఫొటోలున్నప్పుడు వాటిని వేరువేరు లైబ్రరీలుగా పెట్టుకోవడం మంచి పద్ధతి. కానీ ఎక్కడ విడదీయాలి అన్నచోటే చాలామంది తడబడతారు. తిరుపతి యాత్ర ఒక లైబ్రరీ, పెళ్లిళ్లు ఒకటి, పిల్లలవి ఒకటి అంటూ విషయాన్ని బట్టి విడదీస్తారు. చెల్లెలి పెళ్లిలో తీసిన మనవడి ఫొటో ఇక దేంట్లో పెట్టాలి? పెళ్లిలోనా, పిల్లల్లోనా? రెండింట్లో పెడితే రెండు కాపీలు. ఒకదాంట్లో పెడితే రెండోచోట వెతికినవాళ్లకు దొరకదు. అందుకే విషయాన్ని బట్టి లైబ్రరీ కట్టవద్దంటాను. ఈ ఫొటో ఎవరిది, దీన్ని ఎవరు చూడొచ్చు, ఎంతకాలం ఉండాలి అని అడగండి. ఈ జవాబులు కలిసిన ఫొటోలన్నీ ఒకచోట ఉండాలి. జవాబు మారినచోట మాత్రమే గోడ కట్టాలి.

లైబ్రరీకీ ఆల్బమ్‌కీ తేడా తెలియకపోతే ఈ మాట అర్థం కాదు. పెళ్లి పిలుపుల జాబితాలు రాస్తాం కదా. మగపెళ్లివారి జాబితాలోనూ ఆడపెళ్లివారి జాబితాలోనూ ఒకే మనిషి పేరు ఉండొచ్చు. ఆయన ఉండే ఇల్లు మాత్రం ఒక్కటే. ఆల్బమ్ అలాంటి జాబితా, లైబ్రరీ ఆ ఇల్లు. ఒకే ఫొటో పది ఆల్బమ్‌లలో కనిపించినా డిస్క్‌లో అదనంగా చోటు తీసుకోదు. చెల్లెలి పెళ్లి ఒక ఆల్బమ్, మనవడు ఒక ఆల్బమ్, రెండింటిలోనూ ఆ ఫొటో హాయిగా ఉంటుంది. ఇంకో లైబ్రరీకి వెళ్లాలంటే మాత్రం దానికి నిజంగా కాపీ తీయాలి.

లైబ్రరీ ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది. ఆపిల్ మ్యాక్‌లోని ఫొటోస్ అసలు ఫొటోలను, మనం చేసిన దిద్దుబాట్లను, ఆల్బమ్‌లను, ముఖాలకు పెట్టిన పేర్లను కలిపి ఒకే మూటగా ఉంచుతుంది. కీబోర్డ్ మీద ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని ఆ ప్రోగ్రామ్ తెరిస్తే, ఏ లైబ్రరీ కావాలి అని అడుగుతుంది. కొత్తది కూడా అక్కడే మొదలుపెట్టుకోవచ్చు. అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలు మామూలు ఫోల్డర్లలోనే ఉంటాయి. వాటి వివరాలు మాత్రం కేటలాగ్ అనే పుస్తకంలోకి ఎక్కుతాయి. డబ్బు ఖర్చు లేకుండా దొరికే డిజికామ్ కూడా దాదాపు అదే దారిలో నడుస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో ఒక ఖాతాకు ఒకే లైబ్రరీ. రెండోది కావాలంటే రెండో ఖాతా తెరవాల్సిందే.

ఎక్కడ విడదీయాలి అన్నది కంప్యూటర్లతో పుట్టిన చిక్కు కాదు. 1930లలో అమెరికా ప్రభుత్వం పల్లెల పేదరికాన్ని ఫొటోలు తీయించింది. డొరోతియా లాంజ్, వాకర్ ఎవాన్స్ లాంటివాళ్లు దేశమంతా తిరిగారు. ఆ పథకం ముగిసేసరికి సుమారు 1,75,000 నెగటివ్‌లు పోగయ్యాయి. వాటిని సర్దే పని 1940లలో పాల్ వాండర్‌బిల్ట్ అనే గ్రంథాలయ నిపుణుడి మీద పడింది. వెతికేవాళ్లకు వీలుగా ప్రింట్లను ప్రాంతాలవారీగా, విషయాలవారీగా మార్చి పెట్టాలి. అలా చేస్తే ఒక ఫొటోగ్రాఫర్ ఒక ఊళ్లో ఒకే పనిమీద తీసిన వరుస చెదిరిపోతుంది. ఏ ఫొటో దేని తర్వాత వచ్చిందో మరి తెలియదు. వాండర్‌బిల్ట్ ఆ వరుసలను చెదరకముందే మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించాడు, ఆ తర్వాతే ప్రింట్లను విషయాలవారీగా సర్దించాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆ రెండు దారులూ ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. ఆయనకు అంత శ్రమ పట్టిన పని మనకు ఆల్బమ్ రూపంలో ఉచితంగా దొరుకుతోంది. దాన్ని పక్కన పెట్టి విషయానికో లైబ్రరీ కట్టుకుంటే, తీసిన వరుసను మన చేతులతో మనమే తెంపుకున్నట్టు.

మరి ఒక తెలుగింటికి ఎన్ని లైబ్రరీలు కావాలి? నా లెక్క ప్రకారం ఇంటిది ఒకటి, పెద్దలది ఒకటి, పనిది ఒకటి. కాగితాలకు వేరే చోటు.

ఇంటి లైబ్రరీ సంగతి త్వరగా చెప్పేస్తాను. భార్యాభర్తలు, పిల్లలు, పండగలు, ప్రయాణాలు అన్నీ అందులో తేదీ వరుసలో ఉండాలి. ఐఫోన్ వాడేవాళ్లకు 2022లో వచ్చిన ఐఓఎస్ 16.1 నుంచి ఉమ్మడి లైబ్రరీ సదుపాయం ఉంది. మొత్తం ఆరుగురు చేరొచ్చు. అందులో ఎవరైనా ఫొటో చేర్చవచ్చు, దిద్దవచ్చు, తీసేయవచ్చు కూడా. క్లౌడ్‌లో చోటు మాత్రం మొదలుపెట్టినవారి ఖాతాలోంచి పోతుంది. ఒక ఇంటివాళ్ల మధ్య అయితే ఇది చక్కగా నడుస్తుంది. అన్నదమ్ముల కుటుంబాలన్నీ చేరేచోట మాత్రం, తీసేసే అధికారం అందరికీ ఉండటం మంచిది కాదని నా అభిప్రాయం. అక్కడ ఆల్బమ్ పంచుకుంటే చాలు.

పనికి సంబంధించిన ఫొటోలు ఎందుకు వేరుగా ఉండాలో నా సొంత వ్యాపకంతో చెబుతాను. నాకు పాత శాసనాలు, వీరగల్లులు వెతుక్కుంటూ పల్లెలు తిరిగే అలవాటు ఉంది. పొలం గట్టున, చెరువు కట్ట మీద నిలబడ్డ రాయికి ఎదురుగా ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి, కొలబద్ద పెట్టి ఒకటి, పొద్దు వాలేటప్పుడు ఏటవాలు వెలుగులో ఇంకొన్ని తీస్తాం. చూసేవాళ్లకు అవన్నీ ఒకటేలా ఉంటాయి. నిజానికి అరిగిపోయిన అక్షరం ఒకటి వాటిలో ఒక్కదాంట్లోనే తేలొచ్చు. ఇంటి ఫొటోల్లో ఒకేలా ఉన్న పదింటిలో మంచివి రెండు ఉంచుకుంటే సరిపోతుంది. ఇక్కడ పదీ ఉండాలి. రాయి ఎక్కడుందో చెప్పే జీపీఎస్ గుర్తు కూడా చెరగకూడదు. ఇంటి ఫొటోలను బయటికి పంపేటప్పుడేమో, మన ఇల్లు ఎక్కడుందో తెలియకుండా అదే గుర్తును తీసేయడం మేలు. నా తదనంతరం ఈ రాళ్ల ఫొటోలు చరిత్ర చదివే వాళ్ల చేతికి చేరాలి. మనవడి అన్నప్రాశన ఫొటోలతో వాళ్లకు పని లేదు. యజమాని వేరు, నియమం వేరు, వారసులు వేరు. కాబట్టి లైబ్రరీ కూడా వేరే ఉండాలి. భవనాల ఫొటోలు తీసే ఇంజనీరుకైనా, పంట తెగుళ్ల ఫొటోలు దాచుకునే రైతుకైనా, చీరల నమూనాలు తీసుకునే నేతన్నకైనా ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు పెద్దల లైబ్రరీకి వద్దాం. నా మనసంతా దీనిమీదే ఉంది.

తాతల నాటి స్టూడియో ఫొటోలు, పెళ్లి గ్రూపు ఫొటోలు, ట్రంకు పెట్టెలో అడుగున పడి ఉన్న నెగటివ్‌లు, వీటిని స్కాన్ చేయించినప్పుడు వచ్చే మొదటి ఇబ్బంది తేదీ. కెమెరాతో, ఫోన్‌తో తీసిన డిజిటల్ ఫొటోలో సాధారణంగా తీసిన తేదీ, కెమెరా వివరాలు కనబడకుండా రాసి ఉంటాయి. దానికి ఎగ్జిఫ్ అని పేరు, 1995లో జపాన్‌లో రూపొందిన ప్రమాణం అది. స్కాన్ చేసిన ఫొటోకు సాధారణంగా స్కాన్ చేసిన రోజే పడుతుంది. 1965లో జరిగిన పెళ్లి వెళ్లి నిరుడు తీసిన బతుకమ్మ ఫొటోల పక్కన కూర్చుంటుంది. ఈ ఫొటోలను వేరే లైబ్రరీలో పెట్టి తీరిగ్గా తేదీలు సరిచేయాలి అనడానికి ఇదొక కారణం. సంవత్సరం మాత్రమే తెలిస్తే జనవరి 1 అని పెట్టి, వివరంలో తేదీ అంచనా మాత్రమే అని రాయండి. అంచనా అన్న మాట రాయకపోతే, మన ఊహనే రేపటివాళ్లు నిజమని నమ్ముతారు.

స్కాన్ చేయించేటప్పుడు మామూలు సైజు ప్రింటుకు 600 డీపీఐ అడగండి. పాస్‌పోర్టు సైజువైతే అంతకు రెట్టింపు. ఫొటో వెనక్కి తిప్పి ఆ వైపు కూడా స్కాన్ చేయించండి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిల్‌తో రాసిన తేదీ, ఎవరికి పంపారో ఆ మాట, అన్నీ వెనకే ఉంటాయి.

ఇక పేర్లు. మన ఇళ్లలో ఫొటో కింద పెద్దమ్మ, చిన్న తాతయ్య, మామయ్య అని రాసి ఊరుకుంటాం. ఎవరికి పెద్దమ్మ? రాసినవాళ్లకు పెద్దమ్మ అయిన మనిషి, చూసేవాళ్లకు అమ్మమ్మో మేనత్తో అవుతుంది. ఇంకో తరం గడిచేసరికి ఆ వరస పట్టుకుని మనిషిని గుర్తించేవాళ్లే ఉండరు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయాలి. ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి పేరు రెండూ రాయాలి. లేకపోతే ఒకే మనిషి పెళ్లికి ముందు ఫొటోలో ఒకరిగా, తర్వాత ఫొటోలో వేరొకరిగా మిగిలిపోతుంది. వరస కూడా రాయాలనుకుంటే ఇంట్లో ఒక మనిషిని స్థిరంగా పెట్టుకుని, ఫలానావారికి ఏమవుతారో రాయండి. గ్రూపు ఫొటోలో కూర్చున్నవారు ఎడమనుంచి కుడికి, నిలబడ్డవారు ఎడమనుంచి కుడికి అని వరుసగా రాసుకుపోవాలి. పేరు తెలియని మనిషి దగ్గర తెలియదు అని రాయండి. ఖాళీ వదిలితే వరుస ఒక మనిషి పక్కకు జరిగిపోతుంది.

ఈ పేర్లు చెప్పగలిగేది ఇంట్లో పెద్దవాళ్లే. వాళ్ల దగ్గర కూర్చుని ఒక్కో ఫొటో కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూపించండి. వాళ్లు చెబుతుంటే తెరతో సహా వాళ్ల మాటను ఫోన్‌లో వీడియో తీయండి. ఆపిల్ ఫొటోస్, గూగుల్ ఫొటోస్ లాంటివి ఒట్టి ఆడియోను తీసుకోవు. వీడియో అయితే ఆ ఫొటో పక్కనే అదే లైబ్రరీలో కూర్చుంటుంది. అమ్మమ్మ కంటిచూపు తగ్గకముందే ఈ పని కావాలి. మిగతా సర్దుబాట్లన్నీ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నష్టం లేదు. దీనికి మాత్రం గడువు మన చేతుల్లో లేదు.

ఈ లైబ్రరీకి యజమాని ఒక్కరు కారు. తాతగారి సంతానమంతా యజమానులే. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గర, విజయవాడలో ఉన్న కూతురి దగ్గర, డాలస్‌లో ఉన్న మనవరాలి దగ్గర, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పూర్తి ప్రతి ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపల రాసిన తేదీ కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. మొత్తం లైబ్రరీ పంపాలంటే హార్డ్ డిస్క్ చేతికివ్వడం కంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఎవరు చూడొచ్చు అనే ప్రశ్న కూడా మన ప్రాంతానికి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌కు సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. మగవాళ్ల కంట పడకుండా అక్కడ ఫొటో దిగేవారు. విడదీసింది విషయాన్ని బట్టి కాదు, చూసే కళ్లను బట్టి. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆయన చిత్రాల మీద సంఖ్య, శీర్షిక రాసి ఉండటం వల్ల ఏది ఏమిటో నేటికీ పోల్చుకోగలుగుతున్నారు.

ఈనాటి ఇంట్లో ఆ గోడ కట్టాల్సింది కాగితాల చుట్టూ. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, రక్త పరీక్ష రిపోర్టు, బ్యాంకు చెక్కు, డాక్టరు రాసిన మందుల చీటీ, అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాం. పండగ ఫొటోలు చూపిద్దామని చుట్టాల చేతికి ఫోన్ ఇస్తే మధ్యలో అమ్మ వైద్య పరీక్ష ఫలితం కనిపిస్తుంది. ఇవి ఏ ఉమ్మడి లైబ్రరీలోనూ ఉండకూడదు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివాటికి ప్రభుత్వ డిజీలాకర్ ఉంది. మిగతావాటిని తాళం ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, పని తీరినవాటిని తీసేయండి. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు అసలు లైబ్రరీ గడప తొక్కకుండా సెట్టింగుల్లోనే ఆపవచ్చు. గూగుల్ ఫొటోస్‌లో వాట్సాప్ ఫోల్డర్‌కు బ్యాకప్ తీసేస్తే చాలు. ఆపే ముందు ఆ ఫోల్డర్‌లో మనవాళ్ల ఫొటోలు కూడా ఉన్నాయేమో ఏరుకోండి. కొన్ని పెళ్లిళ్లకు మన దగ్గర ఉన్న ఫొటో అదొక్కటే.

గోడ కట్టినందుకు కొంత మూల్యం ఉంటుంది, అది కూడా చెప్పాలి. ఒక లైబ్రరీలో వెతికితే రెండోదాంట్లో ఉన్నది దొరకదు. ఒకదాంట్లో ముఖాలకు పెట్టిన పేర్లు రెండోదానికి తెలియవు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆపిల్ మ్యాక్‌లో ఎన్ని లైబ్రరీలు ఉన్నా, సిస్టమ్ లైబ్రరీ అని ఎంచుకున్న ఒక్కటే ఆపిల్ క్లౌడ్ అయిన ఐక్లౌడ్‌కు వెళ్తుంది. మిగతావి ఆ కంప్యూటర్‌లోనో, దానికి తగిలించిన డిస్క్‌లోనో ఉంటాయి. డిస్క్ పాడైతే అవీ పోయినట్టే. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన ఒక నియమం ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. విడదీసిన ప్రతి లైబ్రరీకి ఈ నియమాన్ని మళ్లీ మొదటినుంచి పాటించాలి. అంత ఓపిక లేనివాళ్లు ఒకే లైబ్రరీ పెట్టుకుని ఆల్బమ్‌లతో సరిపెట్టుకోవడమే క్షేమం.

విడదీసే పనిలో వరుస తప్పకూడదు. ముందు అన్ని ఫోన్లు, కార్డులు, పెన్ డ్రైవ్‌లలో ఉన్నవి ఒక డిస్క్‌లోకి, ఒక్కో సాధనానికి ఒక్కో ఫోల్డర్ చొప్పున చేర్చండి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో కలిపేస్తే ప్రమాదం. చాలా కెమెరాలు ఫొటోలకు 0001 నుంచి 9999 దాకా అంకెలు వేసి మళ్లీ మొదటికి వస్తాయి. పేరు ఒకటే, ఫొటోలు వేరు అన్నవి ఎదురైనప్పుడు, పాతదాని స్థానంలో కొత్తది పెట్టమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. సరే అంటే ఒక ఫొటో శాశ్వతంగా పోతుంది. తర్వాత ఒకేచోట నకళ్లు ఏరివేయాలి. ఆపిల్ ఫొటోస్ ఒక లైబ్రరీ లోపలి నకళ్లనే చూపించగలదు. ముందే విడదీస్తే, అటొకటి ఇటొకటి పడ్డ నకళ్లు ఎప్పటికీ దొరకవు.

ఆ తర్వాతే విడదీయడం. మ్యాక్‌లో అయితే ఫొటోలను బయటికి తీసి కొత్త లైబ్రరీలోకి ఎక్కించడం కంటే, లైబ్రరీ మూటనే మొత్తంగా ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలోంచి అక్కరలేనివి తీసేయడం మేలు. దిద్దుబాట్లు, ఆల్బమ్‌లు, పేర్లు చెక్కుచెదరవు. కాపీ తీసే ముందు ఐక్లౌడ్ సెట్టింగుల్లో అసలు ఫొటోలను ఈ మ్యాక్‌లోకి దించుకునే ఎంపిక పెట్టి, అవి పూర్తిగా దిగేదాకా ఆగండి. లేకపోతే కొన్నింటికి చిన్న నమూనాలే కాపీ అవుతాయి. కొత్త లైబ్రరీ తెరిచి చూసుకుని, దానికి బ్యాకప్ కూడా అయ్యాకే మొదటిదాంట్లోంచి ఆ ఫొటోలు తీయండి. ఐక్లౌడ్‌తో కలిసి ఉన్న లైబ్రరీలో తీసేస్తే ఫోన్‌లోంచి కూడా పోతాయి. తిరిగి తెచ్చుకోవడానికి మనకుండే గడువు 30 రోజులు. గూగుల్ ఫొటోస్ నుంచి గూగుల్ టేక్‌అవుట్ అనే సదుపాయం ద్వారా దించుకునేవాళ్లు, ఫొటోల పక్కన వచ్చే జేసన్ అనే చిన్న ఫైళ్లను చెత్త అనుకుని పారేయకండి. అక్కడ మీరు సరిచేసిన తేదీలు, రాసుకున్న వివరాలు ఉండేది వాటిలోనే.

చివరిగా ఖాతాల విషయం. పెద్దల ఫొటోల కోసమని గూగుల్‌లో ఇంకో ఖాతా తెరిచి, అన్నీ అందులో పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తున్నాను. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫొటోలతో సహా తీసేసే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. భద్రంగా దాచి తెరవకుండా వదిలేసిన ఖాతాకే ఆ ముప్పు. ఏడాదిలో ఒక రోజు, సంక్రాంతికో, తాతగారి సంవత్సరీకానికో, ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఖాతా తెరిచే అలవాటు పెట్టుకోండి. మన తర్వాత ఆ ఖాతాలోని ఫొటోలు ఎవరికి అందాలో గూగుల్ సెట్టింగుల్లో ముందే రాసి పెట్టుకోవచ్చు. ఆపిల్‌లో కూడా 2021 చివరి నుంచి వారసుడి పేరు చేర్చే ఏర్పాటు ఉంది. రెండింటికీ పట్టే సమయం కొన్ని నిమిషాలే. ఆ పేరు ఎవరిదో ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో మాట్లాడుకోండి, ఎవరిని అనుకున్నారో ఆ మనిషికి కూడా చెప్పండి.